110 ఎకరాల ఎర్రనేల, చేతిలో మాస్టర్ ప్లాన్: సుస్థిర వ్యవసాయ విశ్వవిద్యాలయం ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. పాత అనంతపురం జిల్లాలో, ధర్మవరం వైపు, మీ కుటుంబ ట్రస్టుకు ఒకే ముక్కగా 110 ఎకరాల మెట్ట ఉంది. అమెరికాలో ఉన్న మీ ఊరివాళ్లు కొంత డబ్బు సర్దుతామన్నారు. సుస్థిర వ్యవసాయం, పర్యావరణానికి పనికొచ్చే కొత్త పద్ధతుల కోసమే ఒక విశ్వవిద్యాలయం పెట్టాలని మీ కోరిక. ఆర్కిటెక్టు మాస్టర్ ప్లాన్ గీసిచ్చాడు: ముఖద్వారం, పరిపాలనా భవనం, ఆడిటోరియం, రెండు హాస్టళ్లు, మధ్యలో ఆరెకరాల లాన్, అన్నిటికీ వెనక 'డెమో ఫామ్'. మొదట ఏ భవనం కట్టాలి, ఏ దేశపు మోడల్ చూడాలి అన్నారు.

రెండేళ్ల పాటు ఏ భవనమూ కట్టొద్దు.

ఈ మాట మీకు రుచించదని తెలుసు. నేను 31 ఏళ్లు వ్యవసాయ పరిశోధనా కేంద్రాల్లో ఫామ్ పనులు చూసి రిటైరయ్యాను. ఆ తర్వాత మూడు కొత్త క్యాంపస్‌లకు సలహాదారుగా వెళ్లాను. మూడు చోట్లా నన్ను పిలిచింది భవనాలు లేచాకే. వెళ్లి చూస్తే అన్నిటికన్నా మంచి మట్టి మీద పార్కింగ్ ఉంది, వాన నీళ్లు పోయే దారికి అడ్డంగా హాస్టల్ ఉంది, 'ఇక్కడ మోడల్ ఫామ్ చేయండి సార్' అని నాకు చూపించింది గుండ్రాళ్ల దిబ్బ. మీరు ఇంకా పునాది తవ్వకముందే అడిగారు కాబట్టి ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు నీళ్ల లెక్క చూద్దాం. పెన్ను తీసుకోండి.

మీ వైపు ఏడాదికి సగటున 550 మి.మీ. అటూ ఇటూగా వాన పడుతుంది. ఒక మిల్లీమీటరు వాన ఒక ఎకరం మీద పడితే 4,047 లీటర్లు. అంటే ఎకరానికి ఏడాదికి 22 లక్షల లీటర్లు, 110 ఎకరాలకు 24 కోట్ల పైచిలుకు. ఇక ఖర్చు. పిల్లలు, సిబ్బంది కలిపి 400 మంది, మనిషికి రోజుకు 135 లీటర్లు, మొత్తం 54,000. ఏడాదిలో 300 రోజులు జనం ఉంటారనుకుంటే కోటీ 62 లక్షలు. పడే వానలో పదిహేనో వంతు.

కాగితం మీద మీకు నీళ్ల కరువే లేదు. నేల మీద సంగతి వేరు. ఆ వానంతా ముప్పై నలభై రోజుల్లో పడిపోతుంది, అందులోనూ పెద్ద వాటా నాలుగైదు గట్టి వానలదే. ఎర్రనేల మీద చినుకు బలంగా పడితే పైపొర పెచ్చు కట్టేస్తుంది. ఇక నీళ్లు ఇంకవు, వంక పట్టుకుని పోతాయి. నిలిచిన వాటిని ఎండ తాగేస్తుంది. వేసవిలో తెరిచి ఉన్న కుంట మీద నుంచి రోజుకు 8 మి.మీ. ఆవిరైపోతుందనుకున్నా నెలకు తొమ్మిది అంగుళాలు పోయినట్టే. అందుకే వెడల్పాటి పెద్ద కుంట ఒకటి తవ్వి దాని పక్కన ఫొటో దిగడం కన్నా, లోతుగా, చిన్నవిగా, ఎక్కువ చోట్ల తవ్వడం మేలు. కప్పుల మీద పడే నీళ్లు విడిగా పట్టండి. అన్ని కప్పులూ కలిపి 10,000 చదరపు మీటర్లు ఉంటే, ఇరవై శాతం నష్టం తీసేసినా 44 లక్షల లీటర్లు వస్తాయి. 400 మందికి ఎనభై రోజుల వాడకం అది.

ఇప్పుడు మీ లాన్ సంగతి. ఆరెకరాల పచ్చిక వేసవిలో పచ్చగా ఉండాలంటే రోజుకు కనీసం 5 మి.మీ. నీళ్లు పెట్టాలి. లెక్కేస్తే లక్షా 20 వేల లీటర్లు. 400 మంది తాగి, వండుకుని, స్నానాలు చేసి, బట్టలుతుక్కునే నీళ్లకు రెట్టింపు పైన! సుస్థిర వ్యవసాయం అని బోర్డు పెట్టి, ఏప్రిల్‌లో లాన్‌కు ట్యాంకర్లు తోలిన క్యాంపస్‌ను నేను కళ్లారా చూశాను. పేరెందుకులెండి. మీ ప్లాన్‌లో ఆ ఆరెకరాలు కొట్టేసి కొర్ర, అలసంద వేయించండి. పచ్చదనం కావాలంటే కానుగ, వేప, చింత ఉన్నాయి.

వాడిన నీళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 54,000 లీటర్లలో సుమారు 43,000 మురుగై బయటికొస్తాయి. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ వాళ్లు గులకరాళ్లు, ఇసుక నింపిన తొట్లలో మెట్టతామర, జమ్ము పెంచి వాటి వేర్ల గుండా మురుగు నీటిని శుభ్రం చేసే పద్ధతిని తమ క్యాంపస్‌లోనూ ఊళ్లలోనూ పెట్టారు. పెద్ద మెషిన్లు లేవు, కరెంటు బిల్లు నామమాత్రం. ఆ 43,000 లీటర్లతో రెండెకరాల పశుగ్రాసం ఏడాది పొడుగునా నడుస్తుంది. ఒక్క జాగ్రత్త: హాస్టల్ కన్నా పల్లంలో ఆ తొట్లు, వాటికన్నా పల్లంలో గ్రాసం ఉండాలి. హాస్టల్ పల్లంలో కట్టేశాక ఈ ఆలోచన వస్తే జీవితాంతం మోటారు పెట్టి ఎక్కించాల్సిందే. వాలు ఎటుందో తెలియకుండా ప్లాన్ గీయకూడదు అనేది ఇందుకే. మీ ఆర్కిటెక్టు గీసిన బొమ్మలో ఎత్తుపల్లాల గీతలే లేవు. ముందు అర మీటరు తేడాతో కాంటూరు సర్వే చేయించండి.

తర్వాత మట్టి. పొలమంతా తిరిగి ఇరవై ముప్పై చోట్ల ఛాతీ లోతు గుంతలు తవ్వించండి. మట్టి ఎంత లోతుంది, ఏ లోతులో మొరం తగులుతోంది, ఎక్కడ తెల్లటి సున్నపు రాయి వస్తోంది, అన్నీ రాసుకోండి. పరీక్షకు పంపే మట్టి వేరు, కంటితో చూసి రాసుకునేది వేరు. రెండూ కావాలి.

ఆ తర్వాత చాలామంది చేయని పని ఒకటుంది. పరిశోధనకు అనుకున్న ముప్పై ఎకరాల్లో మొదటి ఖరీఫ్‌లో ఒకే విత్తనం ఒకే తీరున వేయండి. జొన్న అయితే మంచిది. ఒకచోట ఎక్కువ ఎరువు, ఒకచోట తక్కువ అనేది ఉండకూడదు. కోతకొచ్చాక పది మీటర్ల గళ్లుగా తాళ్లు కట్టి, ఏ గడిది ఆ గడి కోసి తూయండి. దీన్ని మేం యూనిఫార్మిటీ ట్రయల్ అనేవాళ్లం. ఏ ప్రయోగమూ లేని ప్రయోగం. నేల తన తేడాలు తానే చెప్పుకుంటుంది. ఒకసారి ఇలా చేస్తే ఒక మడి మధ్యలో నాలుగు గళ్లలో మాత్రం పక్కవాటికి రెట్టింపు గింజ వచ్చింది. గుంత తవ్వితే మట్టి ఒకేలా ఉంది. మట్టి పరీక్షలో భాస్వరం మాత్రం ఎక్కువ చూపించింది. కారణం ఎవరికీ అంతుబట్టలేదు. చివరికి పక్క ఊరి ముసలాయన ఒకరు వచ్చి, 'అక్కడ మా నాయన గొర్రెల దొడ్డి ఉండేది' అన్నాడు. ఆ దొడ్డి తీసేసి పాతికేళ్లు! ఆ నాలుగు గళ్ల మీద మేం తెలియక ఏదైనా కొత్త ద్రావణం పరీక్షించి ఉంటే, దిగుబడి రెట్టింపైందని పేపరు అచ్చేసుకునేవాళ్లం.

మీ బ్రోచర్ ముసాయిదాలో 'మూడేళ్లలో నేలలో కర్బనం రెట్టింపు' అని ఒక వాక్యం ఉంది. అది తీసేయండి. ఎకరం నేలలో పై ఆరంగుళాల మట్టి బరువు సుమారు 9 లక్షల కిలోలు. సేంద్రియ కర్బనం 0.3 శాతం ఉందంటే 2,700 కిలోలు. దాన్ని 0.5కు తేవాలన్నా ఎకరాకు ఇంకో 1,800 కిలోల కర్బనం నేలలో నిలవాలి. మీరు వేసే పశువుల ఎరువులో, ఆకులో ఉన్న కర్బనంలో చాలా భాగం మీ ఎండలకు గాలిలో కలిసిపోతుంది, నిలిచేది కొద్ది వంతే. కాబట్టి ఇది ఏళ్ల తరబడి పని. దాతలకు ఆ మాటే చెప్పండి. అమెరికాలో ఉన్నా వాళ్లూ రైతుబిడ్డలే కదా, అర్థమవుతుంది.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమైన విషయానికి వస్తాను. ఇలాంటి విశ్వవిద్యాలయానికి అసలు ఆస్తి దీర్ఘకాలపు పొలం రికార్డు. భవనం డబ్బుంటే ఏడాదిలో లేస్తుంది. ముప్పై ఏళ్ల రికార్డు కావాలంటే ముప్పై ఏళ్లూ ఆగాల్సిందే.

ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో బ్రాడ్‌బాక్ అనే గోధుమ పొలంలో 1843లో మొదలైన ప్రయోగం ఇంకా నడుస్తోంది. కోయంబత్తూరులో ఎరువుల శాశ్వత ప్రయోగం 1909 నాటిది. మనకు దగ్గరగా ఇక్రిశాట్‌లో 1976 నుంచి నల్లరేగడిలో రెండు పొలాలు పక్కపక్కనే నడుస్తున్నాయి. ఒకదాంట్లో పాత పద్ధతి: వానాకాలం దున్ని వదిలేసి, వానలు వెనకబట్టాక జొన్నో శనగో వేయడం. రెండోదాంట్లో వెడల్పు బోదెలు, కాలువలు చేసి, వానాకాలం నుంచే జొన్నలో కంది లాంటి రెండు పంటలు తీయడం. పాత పద్ధతిలో హెక్టారుకు ఏడాదికి సగటున 1.1 టన్ను వస్తే కొత్తదాంట్లో 5 టన్నులు దాటింది. మట్టి కోత హెక్టారుకు 6.4 టన్నుల నుంచి ఒకటిన్నర టన్నుకు దిగింది. ఇది ఒక్క మంచి ఏడాది అంకె అయితే ఎవరూ పట్టించుకోరు. కరువులు, తుపానులు, ధరలు అన్నీ దాటుకుని దశాబ్దాలు నిలిచింది కాబట్టి దానికి ఆ విలువ. గమనించండి, అక్కడ పాత పద్ధతి పొలాన్ని కూడా అంతే శ్రద్ధగా కాపాడారు. అది లేకపోతే కొత్తదాని గొప్పతనం దేంతో పోల్చి చెబుతారు?

ఈ పోల్చుకునే మడి ఉందే, దాని ప్రాణం ఎప్పుడూ గండంలోనే ఉంటుంది. నేను పనిచేసిన ఒక కేంద్రంలో తొమ్మిదేళ్లుగా ఏమీ వేయకుండా పంట తీస్తున్న మడి ఒకటుండేది. ఎరువు లేదు, జీవామృతం (పేడ, గోమూత్రం, బెల్లం కలిపి పులియబెట్టిన ద్రావణం) లేదు, ఏదీ లేదు. చూడ్డానికి దరిద్రంగా ఉంటుంది, నిజమే. ఒక వేసవిలో పెద్ద మనిషి ఎవరో హెలికాప్టర్‌లో వస్తున్నారన్నారు. నేను సెలవులో ఉన్నాను. తిరిగొచ్చేసరికి ఆ మడి మీద రోలర్ తిరిగింది, సున్నంతో గుండ్రంగా గీత గీశారు, మధ్యలో ఇంగ్లీషు అక్షరం. ఎస్టేట్ ఆఫీసు ఆయన్ని అడిగితే, 'అక్కడ ఏమీ లేదు కదండీ, ఖాళీగా ఉంది' అన్నాడు పాపం. ఆయన తప్పు కూడా కాదు. చుట్టూ కంచె లేదు, బోర్డు లేదు, మ్యాపులో గుర్తు లేదు. హెలికాప్టర్ వచ్చింది, పది నిమిషాలుంది, పోయింది. తొమ్మిదేళ్ల రికార్డుకు అక్కడ గీత పడింది.

అందుకే మీకు చెప్పేదేమంటే, ఇరవై ఎకరాలు ఎంచి, ఇక్కడ కట్టడాలు కట్టకూడదు, మట్టి తవ్వకూడదు, అమ్మకూడదు, రోడ్డు వేయకూడదు అని ట్రస్టు డీడ్‌లోనే రాయించండి. వైస్ ఛాన్సలర్ మారినా, ట్రస్టీలు మారినా చెల్లేలా. సర్వే రాళ్లు పాతి మ్యాపు మీద ఎర్ర గీత గీయించండి. అందులో రసాయన ఎరువుల మడి, సేంద్రియ మడి, ప్రకృతి వ్యవసాయపు మడి, రసాయన, సేంద్రియ ఎరువులు రెండూ కలిపిన మడి, ఏమీ వేయని మడి, ఒక్కోటీ నాలుగైదు చోట్ల ఉండాలి. మధ్యలో దూరం వదలాలి, లేకపోతే పక్క మడి నీళ్లు, గాలికొచ్చే మందు అన్నీ కలిసిపోతాయి.

ప్రకృతి వ్యవసాయం గురించి మీరు మొహమాటంగా అడిగారు, 'అది నిజంగా పనిచేస్తుందా' అని. మన దగ్గర ఈ చర్చ రెండు భజన బృందాల మధ్య నడుస్తోంది. రాష్ట్ర ప్రభుత్వానికి చెందిన రైతు సాధికార సంస్థ 2016 నుంచి ఆంధ్రలో దీన్ని ఊరూరా తీసుకెళ్లింది. 2024లో ఆ కార్యక్రమానికి పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ ఫౌండేషన్ ఇచ్చే బహుమతి కూడా వచ్చింది, మట్టి శాస్త్రవేత్త రతన్ లాల్‌తో, ఈజిప్టు సంస్థ సెకెమ్‌తో కలిపి. మీ ప్రాంతానికి అందులో బాగా పనికొచ్చేది తొలకరికి ముందే పొడి దుక్కిలో నవధాన్యాలు చల్లే పద్ధతి. విత్తనాలకు బంకమట్టి, ఘనజీవామృతం పట్టించి గుళికలు చేసి వేస్తారు. కొద్దిపాటి చినుకు పడినా మొలుస్తాయి, నేల ఎండకు బోసిగా ఉండదు. వేరుశనగ ఒక్కటే వేసి నేలను ఎనిమిది నెలలు ఎండబెట్టడం కన్నా ఇది మేలని నాకు అనుమానం లేదు. ద్రవజీవామృతం వల్ల ఎంత, నేల కప్పి ఉండటం వల్ల ఎంత, గోమూత్రం వల్ల ఎంత, బెల్లం వల్ల ఎంత అని విడదీసి చెప్పగలిగితే మాత్రం మీ విశ్వవిద్యాలయం చేసిన పెద్ద సేవ అదే. ఫలితం ఎటొచ్చినా అచ్చేయండి. దిగుబడి తగ్గితే తగ్గిందని, ఖర్చు తగ్గి మిగులు పెరిగితే పెరిగిందని.

విదేశీ మోడల్స్ అడిగారు. మూడు చెబుతాను, ఒక్కోదాంట్లో ఒక్క విషయం తీసుకోండి చాలు.

మొదటిది ఇందాక చెప్పిన సెకెమ్. కైరోకు ఈశాన్యంగా 60 కి.మీ. దూరంలో 70 హెక్టార్ల ఎడారిని 1977లో ఇబ్రహీం అబూలేష్ తీసుకున్నారు. మీ నేల దాంతో పోలిస్తే బంగారం. బావి తవ్వారు, చెట్లు పెట్టారు, పశువుల్ని తెచ్చి ఎరువు చేశారు, తర్వాత మూలికలు పండించి టీ పొట్లాలు అమ్మారు. పిల్లలకు బడి, పనివాళ్లకు వైద్యం వచ్చాయి. సుస్థిర అభివృద్ధి కోసమే పెట్టిన వాళ్ల హీలియోపోలిస్ విశ్వవిద్యాలయంలో క్లాసులు మొదలైంది 2012లో. పొలానికీ విశ్వవిద్యాలయానికీ మధ్య 35 ఏళ్లు. మీరు అంతకాలం ఆగనక్కర్లేదు, వరస మాత్రం అదే ఉంచండి.

రెండోది కోస్టారికాలోని ఎర్త్ విశ్వవిద్యాలయం, 1990లో మొదలైంది. అక్కడ కుండపోత వానలు, అరటి తోటలు, 3,300 హెక్టార్లు. పంటల విషయంలో మీకూ వాళ్లకూ పోలికే లేదు. తీసుకోవాల్సింది ఇదీ: పిల్లలు జట్లుగా ఏర్పడి నిజమైన వ్యాపారం పెడతారు, పెట్టుబడి విశ్వవిద్యాలయమే అప్పుగా ఇస్తుంది, నడిపి అప్పు తీర్చాలి. మన అగ్రికల్చర్ పిల్లలు నాలుగేళ్లు చదివి ఒక్క బస్తా వేరుశనగ కూడా సొంతంగా అమ్మకుండా బయటికొస్తారు. మార్కెట్ యార్డులో కాటా దగ్గర ఒక పూట నిలబెడితే ఎకనామిక్స్ సగం వచ్చేస్తుంది.

మూడోది రువాండాలో బుగెసెర జిల్లాలో 2019లో తెరిచిన కన్జర్వేషన్ అగ్రికల్చర్ (నేలను తక్కువగా దున్ని, కప్పి ఉంచే సేద్యం) సంస్థ, రికా అంటారు. చాలా గోడలు అక్కడి మట్టితోనే కట్టారు. ఇది మీకు నేరుగా పనికొస్తుంది. మీ ఎర్రమట్టిలో ఇసుక పాలు ఎక్కువ, ఐదు శాతం సిమెంటు కలిపి యంత్రంలో అదిమితే కాల్చనక్కర్లేని ఇటుక వస్తుంది. నల్లరేగడితో ఇది కుదరదు, పగుళ్లిస్తుంది. కుంటల కోసం తవ్విన మట్టే ఇటుకలైతే రెండు పనులు ఒక ఖర్చుతో అయిపోతాయి. కాకపోతే కింద నుంచి వచ్చే మొరం మట్టినే వాడండి, పైన ఉన్న అడుగు మట్టి విడిగా తీసి పొలానికి చల్లించండి. కాంట్రాక్టర్ రెండూ కలిపేస్తాడు, దగ్గరుండి చూసుకోవాలి. నేలకు తాడిపత్రి బండలు, దక్షిణం పడమర పక్క వెడల్పాటి వరండాలు. గాజు అద్దాల ముఖభాగం మీ ఎండలకు పొయ్యి లాంటిది, తర్వాత ఏసీలు పెట్టి చల్లార్చుకోవాలి.

కరెంటు, గ్యాసు గురించి త్వరగా. సోలార్ మంచిదే, కానీ ఒక మెగావాట్‌కు నాలుగైదు ఎకరాలు పోతుంది. పొలం మీద వద్దు, కప్పుల మీద, పార్కింగ్ షెడ్ల మీద పెట్టండి. నీళ్లు పగలే తోడి ఎత్తు మీద ట్యాంకులో నింపుకుంటే బ్యాటరీల ఖర్చు తగ్గుతుంది. గోబర్ గ్యాస్‌కు పాతిక కిలోల పేడకు ఒక ఘనపు మీటరు గ్యాసు. నలభై పశువులుంటే రోజుకు 400 కిలోలు, పదహారు ఘనపు మీటర్లు, అంటే సుమారు అర సిలిండరు. మెస్ మొత్తం దాంతో నడుస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఉదయం టీ టిఫిన్లకు సరిపోతుంది. మెస్‌లో మిగిలిన అన్నం కూరలు కలిపితే ఇంకొంచెం. అసలు లాభం గ్యాసు పోయాక బయటికొచ్చే స్లర్రీ, అంటే ఎరువుగా పనికొచ్చే పేడ జావ.

'ఇన్నొవేషన్ సెంటర్' అని మీ ప్లాన్‌లో అద్దాల హాలు ఒకటుంది. దానికి బదులు రేకుల షెడ్డు వేసి, వెల్డింగ్ మెషిన్, లేత్, డ్రిల్లు పెట్టి, పనిమంతుడైన మేస్త్రీని ఒకర్ని జీతానికి పెట్టండి. చుట్టుపక్కల రైతులు గొర్రు, గుంటక, స్ప్రేయర్, డ్రిప్పు పైపులు బాగు చేయించుకోవడానికి వస్తారు. వచ్చినవాళ్లతో పాటు సమస్యలూ వస్తాయి: ఈ విత్తనం గొట్టం ఇరుక్కుపోతోంది, ఈ కలుపు తీసే చక్రం ఆడవాళ్లకు బరువు. పిల్లలు అక్కడ కూర్చుంటే కొత్త ఆలోచనలు వెతుక్కోవాల్సిన పని ఉండదు.

అనుమతుల విషయం. ఆంధ్రలో ప్రైవేటు విశ్వవిద్యాలయాలకు 2016 నాటి చట్టం ఉంది, దాని ప్రకారం దరఖాస్తు చేయాలి. బీఎస్సీ అగ్రికల్చర్ పెడితే భారత వ్యవసాయ పరిశోధన మండలి గుర్తింపు తెచ్చుకోండి, లేకపోతే పిల్లలు పీజీ సీట్ల దగ్గర ఇరుక్కుంటారు. గుర్తింపు లేని డిగ్రీ ఇచ్చి పిల్లల జీవితాలతో ఆడుకోవడం కన్నా, మొదటి మూడేళ్లు డిగ్రీయే ఇవ్వకుండా ఉండటం మంచిది. ఈలోగా పని లేకుండా ఉండరు. ఇప్పుడున్న కాలేజీల చివరి ఏడాది పిల్లలకు గ్రామాల్లో ఉండే రావెప్ కార్యక్రమం ఉంటుంది, వాళ్లకు చోటివ్వండి. రైతులకు వారం రోజుల శిక్షణలు పెట్టండి. రేకులకుంటలోనూ కదిరిలోనూ వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిశోధనా కేంద్రాలున్నాయి. కదిరి-6, కదిరి లేపాక్షి వేరుశనగలు వచ్చింది కదిరి నుంచే. వెళ్లి కలవండి, పోటీగా కాదు, చిన్నవాళ్లుగా. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు 1990లో 32 ఎకరాల బీడుతో మొదలుపెట్టారు. ఆ గుట్టల మీద ఇప్పుడున్న పచ్చదనం ఒకసారి చూసి రండి. రెండేళ్లు ఆగమంటే కోపం వచ్చే మీ ట్రస్టీలను కూడా వెంటబెట్టుకుని వెళ్లండి.

మొదటి ఉద్యోగం ఎవరికివ్వాలి అంటే నా ఓటు ఫామ్ మేనేజర్‌కు. పీహెచ్‌డీ ఉన్నా లేకపోయినా ఫర్వాలేదు, తెల్లారి ఆరింటికి పొలంలో ఉండే మనిషి కావాలి. ఆయన కింద పదిమంది పనివాళ్లను నెల జీతం మీద, పీఎఫ్ కట్టి పెట్టుకోండి. రోజు కూలీలతో దీర్ఘకాలపు ప్రయోగం నడవదు. ఏ మడికి ఏ బక్కెట్టో గుర్తున్న మనిషి మానేస్తే మీ డేటా కూడా ఆయనతోనే పోతుంది. ఖర్చు సంగతికొస్తే, మొదటి అయిదేళ్ల డబ్బులో మూడో వంతు నేలకు, నీళ్లకు, ఈ మనుషులకు కేటాయించండి. దాతలు భవనాలకు పేర్లు పెట్టమంటారు. పెట్టండి. కుంటలకు కూడా పెట్టొచ్చు, వాళ్ల అమ్మ పేరో నాన్న పేరో. ఒక చోట ఈ సలహా ఇస్తే నెల తిరక్కుండా ఏడు కుంటలకు డబ్బొచ్చింది.

ఇరుగుపొరుగు సంగతి ఒకటి మిగిలింది. మీరు పంపిన ఉపగ్రహ చిత్రంలో తూర్పు నుంచి ఒక సన్నని వంక మీ భూమిలోంచి పోయి కింద ఊరి చెరువులో కలుస్తోంది. నేను పైన కుంటలు తవ్వమన్నాను కదా, అక్కడే తగవు పుడుతుంది. మీరు పడిన చినుకు పడినట్టు ఆపేస్తే కింద చెరువు నిండదు, ఆయకట్టు ఎండుతుంది. పర్యావరణం పేరుతో పెట్టిన సంస్థ మీద ఊరివాళ్లు కలెక్టరుకు అర్జీ పెడితే బాగుండదు. మీ సొంత చేలలో పడినది ఆపుకోండి, వంకలో వచ్చేదాన్ని పోనివ్వండి. గట్లు కట్టేముందు చెరువు కింద రైతులతో ఒక సాయంత్రం కూర్చోండి. అలాగే ఆ చిత్రంలో పొలానికి అడ్డంగా తెల్లటి గీత కనిపిస్తోంది, అది గొర్రెలు, పశువులు నడిచే దారి. కాంపౌండు గోడ దాన్ని తెంపేస్తుంది. గోడ బదులు కిత్తనార, గచ్చకాయ కంచె వేసి దారి వదిలేయండి. ఆ గొర్రెల వాళ్లే వేసవిలో మీ చేలల్లో మంద పెడతారు. లారీ ఎరువు కొనే ఖర్చు తప్పుతుంది.

ఇక ఆ ముఖద్వారం. ఉపగ్రహ చిత్రం మీద మీ ప్లాన్ పరిచి చూశాను. రెండు పెద్ద స్తంభాలూ సరిగ్గా ఆ వంక మీదే పడుతున్నాయి. ఆర్కిటెక్టుకు ఫోన్ చేసి కనీసం యాభై అడుగులు ఉత్తరానికి జరపమనండి. కాంటూరు సర్వే చేయించాక ఆ కాగితం నాకు పంపండి, కుంటలు ఎక్కడ పడాలో గుర్తులు పెట్టిస్తాను.